26 అక్షరాలు, 44 శబ్దాలు: ఇంగ్లీషు స్పెల్లింగులో పద్ధతి ఎక్కడుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. బీ-యూ-టీ 'బట్' అయినప్పుడు పీ-యూ-టీ 'పుట్' ఎందుకైంది? అసలు ఇంగ్లీషు స్పెల్లింగుకి ఒక పద్ధతంటూ ఉందా, లేక ప్రతి మాటా బట్టీ పట్టవలసిందేనా?

రెండోదానికి ముందే జవాబు చెప్పేస్తాను. పద్ధతి ఉంది. కాకపోతే తెలుగు చదువుతూ పెరిగిన మనం దాన్ని తప్పు చోట వెతుకుతాం. మన రాతలో అక్షరం కనబడితే శబ్దం దాదాపు తెలిసిపోయినట్టే. ఇంగ్లీషు అక్షరం ఒంటరిగా చెప్పేది చాలా తక్కువ. దాని పక్కన ఏ అక్షరం ఉంది, మాటలో అది ఎక్కడ ఉంది, ఆ మాట ఏ భాష నుంచి వచ్చింది, దానికి చుట్టరికం ఉన్న మాటలేమిటి, ఇవన్నీ చూశాకే శబ్దం తేలుతుంది. ఉచ్చారణ నేర్పడం నా వృత్తి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, శబ్దాల్నీ అక్షరాల్నీ విడివిడిగా నేర్చుకున్నవాళ్లకి స్పెల్లింగు భయం చాలావరకు పోయింది.

ఇక బట్, పుట్ సంగతి. ఒకప్పుడు ఈ రెండూ ఒకేలా పలికేవి, రెండింటిలోనూ పొట్టి 'ఉ'. బట్‌ని 'బుట్' అనేవారు, కప్‌ని 'కుప్' అనేవారు. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లో ఈ 'ఉ' చాలా మాటల్లో 'అ' వైపు జారింది. బట్, కట్, కప్, రన్ అలా మారినవే. పెదవులతో పలికే ప, బ, ఫ శబ్దాల తర్వాత, ముఖ్యంగా ఆ 'ఉ' వెనక 'ల' గాని 'ష' గాని ఉన్నచోట, పాత 'ఉ' నిలిచిపోయింది: పుల్, ఫుల్, బుల్, పుష్, బుష్. పుట్ కూడా ఈ జట్టులోనే ఉండిపోయింది. పెదవుల శబ్దం ఉన్న ప్రతి మాటా ఆగలేదు. బట్, ఫన్ మారాయి కదా. అయినా మొత్తం మీద ధోరణి మాత్రం అదే. ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్, లాంకషైర్ లాంటి చోట్ల, తమ యాసలోనే మాట్లాడేవాళ్లకి బట్, పుట్ ఈనాటికీ ప్రాస కలుస్తాయి. అక్కడ ఆ మార్పు జరగనే లేదు. రాత రెండు చోట్లా ఒకటే, పలుకు మాత్రం ఒకచోట మారింది, ఇంకోచోట మారలేదు.

ఇదే కథ రెండు ఓలు పక్కపక్కన రాసే మాటల్లోనూ ఉంది. ఫుడ్, గుడ్, బ్లడ్ మూడింటిలోనూ మధ్యలో ఉండేది ఓ-ఓ. ఫుడ్‌లో దీర్ఘమైన 'ఊ', గుడ్‌లో పొట్టి 'ఉ', బ్లడ్‌లో 'అ'. ఒకప్పుడు మూడింటిలోనూ దీర్ఘమే. బ్లడ్, ఫ్లడ్ ముందుగానే పొట్టివైపోయాయి కాబట్టి పైన చెప్పిన 'ఉ' నుంచి 'అ'కి జరిగిన మార్పులో అవీ కొట్టుకుపోయాయి. గుడ్, ఫుట్, బుక్ ఆ మార్పు దాటిపోయాక పొట్టివయ్యాయి, అందుకే 'ఉ' దగ్గర ఆగాయి. ఫుడ్, మూన్ అసలు పొట్టివే కాలేదు. మూడు ఉచ్చారణలూ మూడు కాలాలు. నాకు ఇంగ్లీషు స్పెల్లింగు మీద ఇష్టం కలగడానికి ఇలాంటి వరసలే కారణం.

ఇప్పుడు శబ్దాల లెక్క. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో మామూలుగా 44 శబ్దాలు లెక్కపెడతారు: 24 హల్లులు, 20 అచ్చులు. అమెరికన్ ఉచ్చారణలో అచ్చులు కొన్ని తక్కువ, ఎందుకంటే బ్రిటిష్‌లో విడి అచ్చులుగా లెక్కించే కొన్నిటిని అక్కడ అచ్చు, దాని పక్కన ఆర్ అని లెక్కిస్తారు. అసలు ఇరుకంతా అచ్చుల దగ్గరే. అచ్చు అక్షరాలు ఐదు, వై కూడా కలిపితే ఆరు, పలకవలసినవి ఇరవై. అందుకే రెండేసి అక్షరాలు కలపడం, చివర పలకని ఈ తగిలించడం లాంటి ఏర్పాట్లన్నీ పుట్టాయి.

మనకి కష్టమయ్యేది కూడా అచ్చుల దగ్గరే, కాని మనం అనుకునే కారణం చేత కాదు. షిప్, షీప్ మధ్య తేడా హ్రస్వదీర్ఘాల తేడా అనుకుంటాం. తెలుగులో ఇ, ఈ మధ్య తేడా ప్రధానంగా నిడివిలోనే ఉంటుంది. ఇంగ్లీషులో నాలుక ఉండే చోటే వేరు. షిప్‌లోని అచ్చు మన ఇ కన్నా కొంచెం కిందికి, వదులుగా, ఎ వైపుకి ఉంటుంది. దాన్ని ఎంత సాగదీసినా షీప్ కాదు. ఫుల్, ఫూల్ జంట కూడా ఇంతే. గేట్‌లో మనం పలికే ఏ నిలకడగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల నోరు ఏ దగ్గర మొదలై ఇ వైపు కదులుతుంది.

క్యాట్‌లోని అచ్చు మన భాషలో లేదని చాలామంది అంటారు. అది నిజం కాదు. 'వాడు వచ్చాడు' అని మామూలుగా మాట్లాడినట్టే అనండి. 'వాడు'లో ఉన్న ఆ, 'వచ్చాడు'లో ఉన్న ఆ ఒకటేనా? మనలో చాలామంది నోట రెండోది నోరు పక్కలకి సాగి, ఆకీ ఏకీ మధ్య ఎక్కడో పలుకుతుంది. క్యాట్‌లో కావలసింది దాదాపు అదే, కాస్త పొట్టిగా. మన రాతలో దానికి అక్షరం లేదు కాబట్టి ఆ శబ్దం మనకి ఉందని గమనించం.

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడే అచ్చుకి ఇంగ్లీషు రాతలోనూ సొంత అక్షరం లేదు. నోరు ఏ ప్రయత్నమూ చెయ్యకుండా వదులుగా పలికే పొట్టి 'అ' అది, పేరు ష్వా. అబౌట్‌లో మొదటి ఏ, టేకెన్‌లో ఈ, పెన్సిల్‌లో ఐ, లెమన్‌లో ఓ, సర్కస్‌లో యూ, ఈ ఐదూ ష్వాలే. మాటలో ఊనిక (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) పడని చోట ఏ అచ్చయినా ఇలా వాడిపోతుంది. మనం మాత్రం రాసినదాన్ని పూర్తిగా పలుకుతాం, దాంతో ఊనిక ఎక్కడుందో వినేవాళ్లకి దొరకదు. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు స్పెల్లింగు తప్పేది కూడా తరచుగా ఇక్కడే. గ్రామర్ చివర ఏ-ఆర్ రాయాలా, ఈ-ఆర్ రాయాలా? చెవికి తెలియదు. గ్రమాటికల్ అనండి, ఊనిక ఆ అచ్చు మీదికి వచ్చి అది 'ఏ' (a) అక్షరమని బయటపడుతుంది. రెలటివ్ మధ్యలో ఏముందో రిలేషన్ చెప్తుంది. డెఫినిట్‌లో అనుమానం వస్తే ఫైనైట్‌ని తలుచుకోండి.

హల్లుల్లో ముఖ్యమైనవి కొన్నే చెప్తాను. వీకీ డబ్ల్యూకీ మనకి ఒకే వ ఉంది. వీ పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగిలి గాలి రాసుకుంటూ పోవాలి. డబ్ల్యూకి పళ్లు తగలకూడదు, పెదవులు గుండ్రంగా ముందుకి రావాలి. మన వ ఈ రెండింటి నడుమ ఉంటుంది కాబట్టి వెస్ట్ అంటే లోపలి బనీనా, పడమరా అన్నది వినేవాళ్లకి తేలదు. ఇక పీ, టీ, కే మాట మొదట్లో ఊనికతో వచ్చినప్పుడు వాటితోపాటు కొంచెం గాలి వదలాలి. ఆ గాలి లేకుండా పెన్ అంటే ఇంగ్లీషు చెవికి బెన్ అనిపించవచ్చు. ముందు ఎస్ ఉంటే, స్పిన్‌లో లాగా, గాలి అక్కర్లేదు.

టీ-హెచ్ దగ్గర ఆగవలసిందే. అవి రెండు శబ్దాలు, థింక్‌లో ఒకటి, దిస్‌లో ఒకటి. మన థ, ద పలికేటప్పుడు నాలుక పళ్లకి ఆనుకుని గాలిని ఆపుతుంది. ఇంగ్లీషులో గాలి ఆగకూడదు, నాలుక కొసకీ పళ్లకీ మధ్య నుంచి జారుతూనే ఉండాలి. పాత ఇంగ్లీషులో దీనికి థార్న్, ఎథ్ అని రెండు అక్షరాలు ఉండేవి, అయితే ఏ శబ్దానికి ఏదన్న నియమం లేకుండా రెంటినీ కలిపి వాడేవారు. తర్వాత రెండూ పోయి టీ-హెచ్ మిగిలింది. ఎక్కడ ఏది పలకాలో ఊహించడానికి మంచి ఆధారం ఒకటుంది. మాట మొదట టీ-హెచ్ ఉండి, అది వాక్యాన్ని కలిపే చిన్న మాట అయితే గొంతు కంపించే శబ్దం: ద, దిస్, దట్, దే, దెన్, దేర్, దో. సొంత అర్థం ఉన్న మాటైతే కంపం లేని శబ్దం: థింక్, థిన్, థాంక్, త్రీ. రెండు అచ్చుల నడుమ అయితే ఫాదర్, మదర్, వెదర్ లాంటి పాత ఇంగ్లీషు మాటల్లో కంపం ఉంటుంది. మెథడ్, మ్యాథమాటిక్స్ లాంటి గ్రీకు మాటల్లో ఉండదు.

జెడ్ శబ్దం గురించి ఒక మాట. ఆ శబ్దం వినబడే చోట రాతలో కనబడేది చాలాసార్లు ఎస్: ఈజ్, వాజ్, హిజ్, రోజ్, మ్యూజిక్, ఈజీ. పలికేది మన జ కాదు, స పలుకుతూ గొంతు కంపింపజేస్తే వచ్చేది.

స్పెల్లింగు ఇలా ఎందుకైందో ఇప్పుడు చూద్దాం. క్రీ.శ. 597లో కెంట్ చేరిన క్రైస్తవ ప్రచారకులతో రోమన్ లిపి ఇంగ్లండ్‌లో పాతుకోవడం మొదలైంది. పాత ఇంగ్లీషును ఆ లిపిలో చాలావరకు పలికినట్టే రాసేవారు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు గెలిచాక రాతపని ఫ్రెంచి అలవాట్లున్న లేఖకుల చేతికి పోయింది. సీ-డబ్ల్యూతో మొదలయ్యే క్వీన్‌కి క్యూ-యూ వచ్చింది. 'హూస్' అని పలికే ఇంటి మాటలో ఊకి ఫ్రెంచి పద్ధతిలో ఓ-యూ వచ్చింది. మరొకటి, మీ ప్రశ్నకి దగ్గరైనది: ఆ కాలపు చేతిరాతలో యూ, ఎన్, ఎమ్, వీ అన్నీ నిలువు గీతలే. అవి పక్కపక్కన పడితే ఏది ఎక్కడ ముగిసిందో కంటికి ఆనదు. అందుకని అలాంటి చోట యూకి బదులు ఓ రాశారు. లవ్, సన్ అంటే కొడుకు, కమ్, మంక్, వండర్ అన్నిటిలోనూ ఉన్న ఓ అదే. లోపలి శబ్దం యూదే కనుక బట్, కట్‌లతో పాటే అదీ 'అ' అయింది. ఎస్-ఓ-ఎన్, ఎస్-యూ-ఎన్ ఒకేలా పలకడంలో వింత లేదు.

విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అంతకుముందు ఆయన చాలా ఏళ్లు ఫ్లెమిష్ మాట్లాడే ఫ్లాండర్స్ ప్రాంతంలో (నేటి బెల్జియం వైపు) ఉన్నాడు. గోస్ట్‌లో జీ పక్కన ఉన్న హెచ్ ఆ ఫ్లెమిష్ అలవాటు మిగిల్చినదే. అచ్చు వచ్చాక రాత క్రమంగా గట్టిపడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పలుకు కదులుతోంది. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ స్థానం మారాయి. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ దీన్ని మహా అచ్చుల మార్పు అన్నాడు. అంతకుముందు నేమ్‌ని 'నామ' అని, బైట్‌ని 'బీట' అని, ఫీట్‌ని 'ఫేట్' అని, మూన్‌ని 'మోన్' అని పలికేవారు. అంటే a అక్షరానికి 'ఆ' శబ్దం, e అక్షరానికి 'ఏ' శబ్దం, i అక్షరానికి 'ఈ' శబ్దం. మిగతా యూరప్ భాషల్లో చాలావాటిలో ఆ అక్షరాల పేర్లు నేటికీ అవే. నైట్ అనే వీరుడి పేరులో కే పలికేవారు, జీ-హెచ్ ఉన్నచోట గొంతులోంచి గరుకైన ఖ లాంటి శబ్దం వచ్చేది. రాసినవాళ్లు పలికిందే రాశారు. తర్వాత పలుకు వెళ్లిపోయింది.

అన్ని మూగ అక్షరాలూ ఇలా మిగిలినవి కావు. డెట్, డౌట్ మాటల్లోని బీని ఇంగ్లీషువాళ్లు ఎన్నడూ పలకలేదు. లాటిన్ మూలం కనబడాలని పండితులు తర్వాత చొప్పించారు. ఐలాండ్‌లోని ఎస్ మరీ అన్యాయం, ఆ మాటకి లాటిన్ మూలమే లేదు.

ఇక స్థానాన్ని బట్టి నడిచే నియమాలు. సీ అక్షరం తర్వాత ఈ, ఐ, వై ఉంటే స, లేకపోతే క. ఇది చాలా గట్టి నియమం. ఎందుకిలా? లాటిన్‌లో సీ ఎప్పుడూ క శబ్దమే. ఎ, ఇ పలకడానికి నాలుక ముందుకి వస్తుంది, ఆ లాగుడుకి క కూడా ముందుకి జారి ఫ్రెంచిలో స దాకా పోయింది. మనకి ఇది కొత్తేమీ కాదు. చాప, చీమ అని పలికి చూడండి. రెండింటిలోనూ రాసేది చ, కాని చాపలో అది దంత్యం, అంటే పళ్ల దగ్గర పలికేది, చీమలో తాలవ్యం, అంటే అంగిలి దగ్గర పలికేది. కన్నడంలో కివి అనే మాట మనకి చెవి అయిందీ ఇకారం లాగుడు వల్లే. ఇంగ్లీషులో కే అక్షరం ఎక్కువగా ఎక్కడ కనబడుతుందో గమనించండి: కింగ్, కీప్, కిస్. ఎ, ఇ శబ్దాల ముందు సీ రాస్తే స అయిపోతుంది కాబట్టి కే కావలసి వచ్చింది. క్యాట్, కాట్, కట్ మాటలకి ఆ అవసరం లేదు, అక్కడ సీ ఉంది. జీకి కూడా ఇలాంటి నియమమే ఉంది కాని గెట్, గివ్, గర్ల్ లాంటి మాటలు దానికి లొంగవు.

మాట చివర పలకని 'ఈ' (e) అక్షరం గురించి: నేమ్‌ని 'నామ' అన్నప్పుడు ఆ అక్షరం నిజంగానే పలికేది, దాని ముందున్న అచ్చు దీర్ఘమయ్యేది. తర్వాత అది మూగబోయింది కాని ముందరి అచ్చుకి గుర్తుగా మిగిలింది. హాప్, హోప్, బిట్, బైట్ జంటలన్నీ దీనివల్లే. హల్లు జంటగా రాస్తే దానికి వ్యతిరేకం, ముందరి అచ్చు పొట్టిది: హోపింగ్‌లో ఒక పీ, హాపింగ్‌లో రెండు. హావ్, గివ్, లవ్ చివరి ఈకి మాత్రం అచ్చుతో పని లేదు. యూ, వీ ఒకే అక్షరంగా ఉన్న రోజుల్లో మాట చివర వీ ఉంటే యూ అని చదివే ప్రమాదం ఉండేది, అందుకు ఒక ఈ తగిలించారు. దాదాపు ఏ ఇంగ్లీషు మాటా వీతో ముగియకపోవడానికి కారణం అదే.

జీ-హెచ్-ఓ-టీ-ఐ అని రాసి ఫిష్ అని చదవొచ్చన్న చమత్కారం మీరూ వినే ఉంటారు. దాన్ని నాటకకర్త బెర్నార్డ్ షాకి అంటగడతారు. 1855 నాటి ఒక ఉత్తరంలోనే అది ఉంది, షా పుట్టింది 1856లో. ఆ చమత్కారం తప్పని చూపడమే నాకు ముఖ్యం. జీ-హెచ్ ఫ అయ్యేది టఫ్, లాఫ్ లాగా అచ్చుల తర్వాతే. మాట మొదట ఎప్పుడూ గ. టీ-ఐ ష అయ్యేది నేషన్ లాగా మరో అచ్చు ముందే. మాట చివర కాదు. ఓకి ఇ పలికేది విమెన్ అనే ఒక్క మాటలో. ఇంగ్లీషు చదివే ఎవరి ముందైనా ఆ ఐదక్షరాలు పెట్టండి, గోటీ అనే చదువుతారు. నియమాలు లేకపోతే అందరూ ఒకేలా ఎలా చదువుతారు?

మాట పుట్టుక కూడా సాయపడుతుంది. సీ-హెచ్ అచ్చ ఇంగ్లీషు మాటల్లో చ, గ్రీకు నుంచి వచ్చిన కెమిస్ట్రీ, స్కూల్, కోరస్‌లలో క, ఫ్రెంచి నుంచి వచ్చిన మెషీన్, షెఫ్‌లలో ష. పీ-హెచ్ కనబడితే చాలావరకు గ్రీకే.

అన్నిటికన్నా విలువైనది చుట్టరికం. సైన్‌లో మూగగా ఉన్న జీ సిగ్నల్‌లో పలుకుతుంది. బాంబ్ చివరి బీ బొంబార్డ్‌లో, మజిల్‌లోని సీ మస్క్యులర్‌లో పలుకుతాయి. హీల్, హెల్త్ మాటల్లో అచ్చు మారినా ఈ-ఏ మారలేదు. శబ్దం మారినా కుటుంబం కనబడేలా రాయడం ఇంగ్లీషు రాత చేసే పని. భాషావేత్తలు చామ్‌స్కీ, హాలె 1968లో ఇంగ్లీషు రాత ఆదర్శ వ్యవస్థకి చాలా దగ్గరగా ఉందని వాదించింది ఈ కారణంతోనే. అంత దూరం నేను వెళ్లను, ఐలాండ్‌లోని ఎస్‌కి ఏ సమర్థనా లేదు. కాని వాళ్ల మాటలో బలముంది. మనమూ విజ్ఞానం అని రాసి విగ్యానం అంటాం, బ్రహ్మ అని రాసి బ్రమ్హ అంటాం. మూలం కనబడాలనే కదా.

జరిగిన పనిని చెప్పే ఈ-డీ కూడా ఇలాంటిదే. రాత ఒకటి, పలుకులు మూడు. వాక్ చివర గొంతు కంపించదు కాబట్టి వాక్ట్, కాల్ చివర కంపిస్తుంది కాబట్టి కాల్డ్, వాంట్ చివర ఇప్పటికే ట ఉంది కాబట్టి మధ్యలో ఒక అచ్చు చేర్చి వాంటిడ్. బహువచనపు ఎస్ కూడా అంతే: క్యాట్స్, డాగ్జ్, బసిజ్.

ఇక నేర్చుకునే పద్ధతి కూడా చెప్తాను. ముందుగా నిఘంటువులో మాట పక్కన ఉండే ఉచ్చారణ గుర్తులు నేర్చుకోండి. 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వని సంఘం రూపొందించిన గుర్తులవి, ఒక్కో గుర్తుకి ఒకే శబ్దం. తెలుగు చదివినవాళ్లకి ఆ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది, మన రాత ఆలోచనకి దగ్గరది కనుక. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ నిఘంటువులు బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినిపిస్తాయి. ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకోండి. ఇంగ్లీషు ఉచ్చారణని తెలుగు లిపిలో రాసుకునే అలవాటు మానండి. ఇక్కడ నేను రాసినవి దారి చూపడానికే; వెస్ట్ అని రాస్తే వీ, డబ్ల్యూ కలిసిపోతాయి, ష్వా అసలు కనబడదు. తర్వాత ఒక శబ్దం తీసుకుని దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారో మీరే సొంతంగా సేకరించండి. అక్షరం నుంచి శబ్దానికి కాదు, శబ్దం నుంచి అక్షరాలకి వెళ్లండి. 'అ' కోసం ఒక పేజీ పెడితే కట్, సన్, బ్లడ్, టఫ్ అన్నీ ఒకచోట చేరతాయి.

బట్టీ పట్టవలసినవీ ఉన్నాయి. వన్, టూ, హూ, వాజ్, సెడ్, డజ్, విమెన్ లాంటి, రోజూ వాడే మాటలే ఎక్కువగా నియమం తప్పుతాయి. అవి లెక్కకి తక్కువ, కంటికి పదేపదే తగులుతాయి కాబట్టి త్వరగానే అలవాటవుతాయి. వాటికీ ఆనవాళ్లు ఉన్నాయి: వన్ పాత ఉచ్చారణ అలోన్, ఓన్లీలో వినబడుతుంది, టూలోని డబ్ల్యూ ట్వైస్, ట్విన్, ట్వెల్వ్, బిట్వీన్‌లలో పలుకుతుంది. మీ నోటుపుస్తకంలో వాటికి వేరే పేజీ ఉంచుకుని, ఒక్కో మాట పక్కన దాని చుట్టం పేరు రాయండి.